ఒకే కథ, రెండు మూడు రూపాలు: ఫ్రాంక్ ఓకానర్ ఎందుకు తిరగరాస్తూ పోయారు?

ఐర్లాండ్ కథకుడు ఫ్రాంక్ ఓకానర్ పుస్తకాలు ఒకటికి రెండు చదివినవాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక సంపుటిలో 'ఫస్ట్ కన్ఫెషన్' కథ వసంతం మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం మొదలవుతుంది. ముఖం అప్పుడే తోమి కడిగినట్టున్న పిల్లాడిని అక్క చెయ్యి పట్టుకుని తీసుకెళ్తూ ఉంటుంది. ఇంకో సంపుటిలో అదే పేరున్న కథను ఆ పిల్లాడే చెబుతాడు. తాత చనిపోయి, నాయనమ్మ తమ ఇంటికి వచ్చి చేరడంతో గొడవంతా మొదలైందంటాడు. ఇది అచ్చుతప్పు కాదు, ఎవరో కుదించిన ప్రతి కూడా కాదు. రెండూ ఓకానర్ రాసినవే.

క్లుప్తంగా: ఓకానర్ తన కథలను అచ్చయిన తర్వాత కూడా తిరగరాసేవారు. మాటలకు మెరుగు పెట్టడం కంటే, ఆ కథ ఎవరి నోట రావాలో తేల్చుకోవడమే ఆ తిరగరాతలో ముఖ్యమైన పని. ఆయన పెరిగిన తీరు, రాసే పద్ధతి, స్వదేశంలో పడిన నిషేధాలు, అమెరికా పత్రికలతో ఏర్పడిన సంబంధం అన్నీ ఆ అలవాటును పెంచాయి. అందువల్ల ఆయన కథ గురించి మాట్లాడేటప్పుడు ఏ సంవత్సరపు ప్రతి అన్నది చూసుకోవాలి.

పేరు వెనక మనిషి

ఫ్రాంక్ ఓకానర్ అన్నది కలంపేరు. అసలు పేరు మైకేల్ ఫ్రాన్సిస్ ఓడోనవన్. 1903 సెప్టెంబర్ 17న ఐర్లాండ్ దక్షిణాన ఉన్న కార్క్ నగరంలో, డగ్లస్ వీధిలో పుట్టారు. తన పేరులోని ఫ్రాన్సిస్‌ను, తల్లి పుట్టింటి పేరైన ఓకానర్‌ను కలిపి కలంపేరు చేసుకున్నారు. అమెరికా కథకురాలు ఫ్లానరీ ఓకానర్‌తో ఆయనకు ఏ బంధుత్వమూ లేదు. గ్రంథాలయాల జాబితాల్లో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండటంతో పొరపాటు పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

తండ్రి బ్రిటిష్ సైన్యంలోని మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్ పటాలంలో పనిచేసిన సైనికుడు. విపరీతంగా తాగేవాడు, అప్పులు చేసేవాడు, తాగినప్పుడు ఇంట్లోవాళ్ళ మీద చేయిచేసుకునేవాడు. తల్లి మిన్నీ అనాథాశ్రమంలో పెరిగి, ఇతరుల ఇళ్ళలో పనిచేసి సంసారాన్ని లాక్కొచ్చింది. మైకేల్ వాళ్ళకు ఒక్కగానొక్క కొడుకు. పద్నాలుగేళ్ళ వయసు నాటికే చదువు ఆగిపోయింది. ఆ కొద్దిపాటి బడి జీవితంలో దొరికిన పెద్ద వరం డేనియల్ కోర్కరీ అనే ఉపాధ్యాయుడు. ఐరిష్ భాష మీద ఆ పిల్లాడికి మోజు కలిగించింది కోర్కరీయే. ఆయన స్వయంగా కథకుడు కూడా.

నిర్బంధ శిబిరం నుంచి గ్రంథాలయానికి

టీనేజీలోనే ఆయన బ్రిటిష్ పాలన మీద పోరాడుతున్న ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీలో చేరారు. 1921 డిసెంబర్‌లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ఉద్యమాన్ని రెండుగా చీల్చినప్పుడు, ఒప్పందాన్ని వ్యతిరేకించినవాళ్ళ వైపు నిలబడి, కార్క్‌లో ప్రచార విభాగంలో పనిచేశారు. 1922 జూన్‌లో మొదలైన అంతర్యుద్ధం 1923 మేలో ముగిసింది. ఓకానర్ పట్టుబడి మీత్ కౌంటీలోని గార్మన్‌స్టన్ నిర్బంధ శిబిరంలో గడిపారు. అక్కడే ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఖైదీలు మూకుమ్మడిగా నిరాహారదీక్షకు దిగితే ఆయన చేరలేదు, తోటివాళ్ళ కోపానికి గురయ్యారు. ఆశయం కోసం చావడాన్ని పొగిడే భాష మీద ఆయనకు కలిగిన అనుమానం తర్వాత కథలన్నిటా కనిపిస్తుంది.

విడుదలయ్యాక ఓడిపోయిన పక్షం మనిషికి ఉద్యోగం దొరకడం కష్టమైంది. నాటక రచయిత లెనాక్స్ రాబిన్సన్ చేయూతతో గ్రంథాలయ శిక్షణలో చేరి, స్లైగో, విక్లోలలో పనిచేసి, 1925లో కార్క్ కౌంటీ గ్రంథాలయాధికారి అయ్యారు. 1920ల చివర్లో డబ్లిన్‌లోని పెంబ్రోక్ గ్రంథాలయానికి వచ్చారు. అదే రాబిన్సన్, మతపెద్దలకు నచ్చని ఒక కథ రాసినందుకు 1924లో గ్రంథాలయాలకు సాయం చేసే కార్నెగీ ట్రస్ట్‌లో పదవి పోగొట్టుకున్నాడు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థలో ఉద్యోగి అసలు పేరుతో కథలు రాయడం అప్పట్లో ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. కలంపేరు అవసరం కూడా అక్కడే అర్థమవుతుంది.

గ్రంథాలయ ఉద్యోగం ఆయనకు జీతంతోపాటు చదువునూ ఇచ్చింది. తుర్గేనెవ్, చెఖోవ్, మొపాసా, ఐజాక్ బాబెల్ కథలను పట్టుదలగా చదివారు. 1931లో లండన్‌లో మాక్‌మిలన్ సంస్థ తొలి సంపుటి 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్' ప్రచురించింది. 1935 నుంచి 1939 దాకా డబ్లిన్‌లోని ఆబీ థియేటర్ డైరెక్టర్లలో ఒకరుగా ఉన్నారు. రష్యాకు చెఖోవ్ ఏం చేశాడో ఐర్లాండ్‌కు ఓకానర్ అదే చేస్తున్నాడని కవి యేట్స్ అన్నమాట అప్పటి నుంచి ఆయన పేరుతోపాటే నడుస్తోంది.

నాలుగు పంక్తుల పద్ధతి

ఓకానర్ కథ రాసే పద్ధతిలో మూడు అంచెలు కనిపిస్తాయి. మొదటిది ఇతివృత్తం. ఎవరైనా ఒక సంగతి చెబితే దాన్ని నాలుగు పంక్తులకు మించకుండా నోటు పుస్తకంలో రాసుకునేవారు. అందులో మనుషుల పేర్లు ఉండవు, ఊరు ఉండదు, వాతావరణం ఉండదు. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ 'మైకేల్స్ వైఫ్' అనే కథది. 'ఎక్స్' విదేశంలో 'వై'ని పెళ్ళాడుతుంది. 'వై' చనిపోయాక అతని తల్లిదండ్రుల ఇంటికి వస్తుంది, అతను పోయాడన్న సంగతి మాత్రం చెప్పదు. ఇంతే.

ఇలా రాసుకోవడంలో ఒక లాభం ఉంది. నాలుగు పంక్తుల్లో ఒదగనిది ఒక సంఘటనే కావచ్చు, వాతావరణమే కావచ్చు, ఇంకా కథ కాలేదు. పేర్లు పెట్టకుండా ఉంచితే అదే ఇతివృత్తాన్ని రైతు ఇంట్లోనో, గుమాస్తా ఇంట్లోనో, పట్నంలోనో, పల్లెలోనో పెట్టి చూడవచ్చు. ఆ సంబంధం ఎక్కడ బిగువుగా నిలుస్తుందో అక్కడే కథ పుడుతుంది.

రెండో అంచె మొదటి చిత్తుప్రతి. మాటల అందం గురించి ఆలోచించకుండా, కథ ఆకారం కనపడేదాకా గబగబా రాసేయడం. మూడోదే అసలు శ్రమ. అంతులేకుండా తిరగరాస్తానని ఆయన 1957లో పారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో చెప్పారు. పత్రికలో వచ్చాక ఒకసారి, పుస్తకంగా వచ్చాక ఇంకోసారి కూడా.

ఇన్నిసార్లు ఎందుకు? మనుషుల ముఖాల కంటే గొంతులే తనకు గుర్తుంటాయని ఆయన అదే ఇంటర్వ్యూలో అన్నారు. ఒక మనిషి వాక్యాన్ని ఎక్కడ విరుస్తాడు, ఏ మాట పదేపదే వాడతాడు అన్నదాన్నిబట్టి ఆ మనిషిని పట్టుకునేవారు. దృశ్యం మీద ఆధారపడే కథకుడికి దృశ్యం సరిగ్గా వచ్చాక పని అయిపోయినట్టే. గొంతు మీద ఆధారపడే కథకుడికి అలా కాదు. ఒక మాట మారితే పక్క వాక్యం ఊపు మారుతుంది, పేరా అంతా మళ్ళీ వినాలి. రేడియోలో కథలు చదవడం ఈ వినికిడిని మరింత పదును చేసింది. బీబీసీలో ఆయన తన కథలు తానే చదివి వినిపించేవారు. మైకు ముందు నోరు తిరగని వాక్యం కాగితం మీద కూడా నిలవకూడదన్న పట్టుదల ఉన్నవాళ్ళు కథను ముగించడం కష్టం.

చెప్పేవాడు మారితే కథ మారుతుంది

'ఫస్ట్ కన్ఫెషన్' దీనికి మంచి ఉదాహరణ. ఇది 1935లో 'రిపెంటెన్స్' పేరుతో ఒక పత్రికలో వచ్చింది. తర్వాత పేరు మారింది, రూపమూ మారింది. 1951లో 'ట్రావెలర్స్ శాంపిల్స్' సంపుటిలో చేరేనాటికి ప్రథమ పురుష ('వాడు' అని చెప్పే తీరు) పోయి ఉత్తమ పురుష ('నేను' అని చెప్పే తీరు) వచ్చింది.

కథ చిన్నదే. ఏడేళ్ళ జాకీకి నాయనమ్మ అంటే ఒళ్ళుమంట. ఆమె ఇంట్లో చెప్పుల్లేకుండా తిరుగుతుంది, బంగాళాదుంపలు చేత్తో తింటుంది, పోర్టర్ బీరు తాగుతుంది. ఆమెను చంపేయాలని కూడా వాడు అనుకున్నాడు. అది పాపం కాబట్టి, చర్చిలో పాదరీ ముందు మొదటిసారి పాపాలు ఒప్పుకోవాల్సిన రోజు దగ్గర పడేకొద్దీ వాడి గుండె జారిపోతుంది. చీకటి గదిలో మోచేతులు ఆనించుకునే అరను మోకాళ్ళు పెట్టుకునే చోటనుకుని దాని మీదికి ఎక్కి, కిందపడతాడు. పడినవాడిని అక్క కొడుతుంది. యువ పాదరీ మాత్రం వాడు చెప్పేదంతా పెద్దమనిషి మాట విన్నట్టు వింటాడు.

ప్రథమ పురుషలో రాసినప్పుడు రచయితకు ఒక ఇబ్బంది వస్తుంది. ఆ గది ఎలా ఉంటుందో, అర ఎందుకుందో ముందుగా పాఠకుడికి వివరించాలి. అప్పుడు నవ్వు పిల్లాడి అమాయకత్వాన్ని పైనుంచి చూసే నవ్వవుతుంది. ఉత్తమ పురుషలో ఆ వివరణే అక్కర్లేదు. వాడి తర్కం వాడికి పూర్తిగా సబబు. అర ఎత్తుగా ఉంది, కానీ తనకు ఎక్కడం బాగా వచ్చు కదా అన్నట్టు పోతుంది. పాఠకుడు వాడితోపాటే పొరబడి, వాడితోపాటే పడతాడు.

ఉత్తమ పురుషకు కూడా ఖరీదు ఉంది. అక్క నోరా ప్రథమ పురుష రూపంలో ఒక మనిషి. తమ్ముడి గొంతులో చెప్పినప్పుడు ఆమె పూర్తిగా శత్రువైపోతుంది, ఎందుకంటే తమ్ముడికి కనిపించేది అదే. వీధి, మధ్యాహ్నపు వెలుతురు, నడక ఇవన్నీ వెనక్కి పోతాయి. ఓకానర్ ఈ నష్టాన్ని తెలిసే ఒప్పుకున్నారు. ఫలితం చూస్తే ఆయన చేసింది సరైన పనే. రెండో రూపమే లోకంలో నిలిచింది.

'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్' కథ విషయం వేరు. స్వాతంత్ర్య పోరాట కాలంలో ఐరిష్ పోరాటగాళ్ళు బెల్చర్, హాకిన్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు సైనికులను ఒక ముసలమ్మ ఇంట్లో బందీలుగా ఉంచుతారు. కలిసి పేకాడతారు, మతం గురించి వాదించుకుంటారు, స్నేహితులవుతారు. అవతలి పక్షం తమ మనుషులను కాల్చి చంపిందన్న వార్త రాగానే వీళ్ళను బురదనేలలోకి నడిపించి కాల్చేయాల్సి వస్తుంది. ఇలాంటి ఒక ఉదంతం ఓకానర్ గార్మన్‌స్టన్ శిబిరంలో విన్నదే. కథనపు ఊపు మీద బాబెల్ కథా సంపుటి 'రెడ్ కావల్రీ' ప్రభావం ఉందని ఆయనే ఒప్పుకున్నారు.

ఇక్కడ చెప్పేవాడు మొదటినుంచీ బోనపార్ట్ అనే యువకుడే. 1931 ప్రతికీ, 1954లో 'మోర్ స్టోరీస్' సంపుటి కోసం సవరించిన ప్రతికీ తేడా యాసలో ఉంది. మొదటి ప్రతిలో లండన్ యాస, ఐరిష్ పల్లె యాస రెండూ ఉచ్చారణ పట్టిచ్చేలా గట్టిగా పలుకుతాయి. సవరణలో ఆ యాసను బాగా తగ్గించారు. యాస ఎక్కువైతే పాఠకుడి కన్ను అక్షరాల దగ్గర ఆగి మనిషిని మరిచిపోతుందన్నది ఇలాంటి సవరణ వెనక ఉండే వాదన. కానీ ఈ కథలో యాసే ఒక సాక్ష్యం. బందీల మాటతీరు కాపలాదారుల నోట కూడా అంటుకోవడమే వాళ్ళ స్నేహానికి మొదటి గుర్తు. దాన్ని నునుపు చేస్తే ఆ గుర్తు కొంత వెలిసిపోతుంది. 1931 ప్రతి కొంచెం మోటుగా ఉన్నా, ఈ ఒక్క కథకు దాని బలమే ఎక్కువ. చివరి వాక్యం మాత్రం రెండు ప్రతుల్లోనూ దాదాపు అలాగే ఉంది. ఆ రాత్రి తర్వాత తనకు ఏం జరిగినా మునుపటిలా అనిపించలేదని బోనపార్ట్ చెప్పే మాట అది.

నిషేధం, లండన్, న్యూయార్క్

తిరగరాయడానికి ఇష్టం ఒక్కటే చాలదు, మళ్ళీ అచ్చయ్యే అవకాశం కూడా ఉండాలి. ఆ అవకాశం ఓకానర్‌కు వచ్చిన దారి బాధాకరమైనది.

ఐర్లాండ్‌లో 1929లో ప్రచురణల సెన్సార్ చట్టం వచ్చింది. ఐదుగురు సభ్యుల మండలి ఒక పుస్తకం మొత్తం మీద అసభ్యమని తేలిస్తే, న్యాయశాఖ మంత్రి ఉత్తర్వుతో దాన్ని నిషేధించేవారు. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు, కస్టమ్స్ అధికారులు కూడా పుస్తకాలను మండలికి పంపేవారు. 1946 దాకా అప్పీలు చేసుకునే మండలే లేదు. ఐరిష్ రచయితల పుస్తకాలు ఎక్కువగా లండన్‌లోనే అచ్చయ్యేవి. కాబట్టి ఓడరేవులో ఆపితే చాలు, స్వదేశంలో పుస్తకం కనిపించదు.

ఓకానర్ పుస్తకాల్లో 1940 నాటి నవల 'డచ్ ఇంటీరియర్', బ్రయన్ మెరిమన్ 18వ శతాబ్దపు ఐరిష్ కావ్యానికి ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 'ది మిడ్‌నైట్ కోర్ట్', 1947 నాటి 'ది కామన్ కార్డ్', 1951 నాటి 'ట్రావెలర్స్ శాంపిల్స్' నిషేధానికి గురయ్యాయి. ఐరిష్ భాషలోని మెరిమన్ మూలం మీద మాత్రం ఏ నిషేధమూ లేదు. అంటే చట్టం భయపడింది ఆ కావ్యంలోని మాటలకు కాదు, వాటిని చదవగలిగేవాళ్ళ సంఖ్యకు. ఏడేళ్ళ పిల్లాడు పాదరీ దగ్గర ఊరట పొందే 'ఫస్ట్ కన్ఫెషన్' ఉన్న సంపుటి కూడా అదే జాబితాలో చేరింది. నిషేధం సంపుటి మొత్తానికి పడుతుంది, ఒక కథ అభ్యంతరమైతే మిగతావి కూడా మునుగుతాయి.

సొంతగడ్డ మీద పాఠకులు దూరమైన కాలంలోనే అమెరికా తలుపు తెరుచుకుంది. 1945లో ఆయన కథ తొలిసారి 'న్యూయార్కర్'లో వచ్చింది. ఆ తర్వాత కుదిరిన ఏర్పాటు ప్రకారం కొత్త కథలను ముందుగా ఆ పత్రికకే చూపాలి, వాళ్ళు వద్దంటేనే వేరే చోటికి. దీనివల్ల ఆదాయం నిలకడగా వచ్చింది. సంపాదకుడు విలియం మాక్స్‌వెల్‌తో ఏళ్ళ తరబడి సాగిన స్నేహం, ఉత్తరాలు తర్వాత పుస్తకంగా కూడా వచ్చాయి. సంపాదకుల ప్రశ్నలు సాధారణంగా స్పష్టత గురించే: ఈ ఆచారం మా పాఠకుడికి తెలుస్తుందా, ఈ మనిషి ఎవరు, ఈ వాక్యం ఎందుకు? కార్క్ పాఠకుడికి చెప్పకుండానే తెలిసే విషయాన్ని న్యూయార్క్ పాఠకుడికి కథ ఆగకుండా ఎలా చెప్పాలన్నది కొత్త సమస్య. ఉత్తమ పురుష గొంతు ఇక్కడ కూడా పనికొచ్చింది. తన ఊరి సంగతి చెప్పుకునేవాడు మధ్యలో చిన్న వివరణ ఇచ్చినా పాఠంలా అనిపించదు.

1952, 1954లలో క్నాఫ్ సంస్థ ప్రచురించిన రెండు పెద్ద అమెరికా సంపుటాల కోసం ఆయన పాత కథలను మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. ఇవాళ పాఠకుల చేతికి వచ్చే ప్రతుల్లో చాలావాటికి మూలం ఈ సంపుటాలే.

తండ్రి: ఆత్మకథలో ఒకలా, కథలో ఒకలా

'మై ఈడిపస్ కాంప్లెక్స్', 'ది డ్రంకర్డ్' లాంటి కథలు రచయిత బాల్యమేనని చాలామంది అనుకుంటారు. లెక్క సరిపోదు. 'మై ఈడిపస్ కాంప్లెక్స్'లో లారీ ఐదేళ్ళవాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి తండ్రి ఇంటికి రాగానే తల్లి పక్కన తన చోటు పోయిందని వాపోతాడు. ఆ యుద్ధం మొదలయ్యేనాటికే ఓకానర్‌కు దాదాపు పదకొండేళ్ళు. కథలో లారీకి తమ్ముడు పుడతాడు, 'ఫస్ట్ కన్ఫెషన్'లో జాకీకి అక్క ఉంది. ఓకానర్‌కు తోబుట్టువులే లేరు.

1961లో వచ్చిన ఆత్మకథ 'యాన్ ఓన్లీ చైల్డ్' పక్కన పెట్టి చదివితే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. అందులో తాగిన తండ్రి గడ్డం గీసే కత్తి పట్టుకుని తల్లినీ కొడుకునూ బెదిరిస్తాడు. 'ది డ్రంకర్డ్'లో అదే రకం తండ్రి స్నేహితుడి అంత్యక్రియలకు వెళ్ళి, వస్తూ వస్తూ తాగుడుశాల చేరతాడు. అక్కడ తండ్రి గ్లాసును కొడుకే ఖాళీ చేసి తూలిపోతాడు. సిగ్గుతో వాడిని ఇంటికి తీసుకొచ్చిన తండ్రి ఆ రోజు తాగలేకపోతాడు. తల్లి కొడుకును కాపాడే దేవదూతవని ముద్దుచేస్తుంది. భయాన్ని దాచిపెట్టడం వల్ల వచ్చిన హాస్యం కాదిది. ఈసారి తండ్రి తాగితే ఇల్లు ఏమవుతుందోనన్న లెక్క కథ అడుగున నడుస్తూనే ఉంటుంది. ఆ లెక్క తెలిసిన పిల్లాడే చెప్పాలి, ఆ పిల్లాడిలోంచి పెద్దవాడి వాక్యం పలకాలి. ఈ రెండు వయసులను ఒకే గొంతులో కలపడమే ఆ తిరగరాతల్లో అన్నిటికంటే కష్టమైన పని. పెద్దవాడు ఎక్కువైతే కథ తెలివి ప్రదర్శన అవుతుంది, పిల్లాడు ఎక్కువైతే ముద్దుమాటల్లోకి జారుతుంది. బలహీనమైన ఓకానర్ కథల్లో ఈ రెండో లోపమే కనిపిస్తుంది.

'ఒంటరి గొంతు' సిద్ధాంతం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన బోధన నుంచి వచ్చిన పుస్తకం 1963 నాటి 'ది లోన్లీ వాయిస్'. నవలకు ఒక స్థిరమైన సమాజం కావాలి, కథానిక ఆ సమాజపు అంచున, అట్టడుగున ఉండిపోయిన మనుషులది అన్నది అందులోని వాదన. గోగోల్ గుమాస్తాలు, తుర్గేనెవ్ అర్ధబానిస రైతులు, మొపాసా వేశ్యలు, చెఖోవ్ వైద్యులు, బడిపంతుళ్ళు ఆయన చూపించిన గుంపులు.

ఐర్లాండ్‌లో కథ బలపడి నవల వెనకబడటాన్ని ఈ వాదన బాగా వివరిస్తుంది. విప్లవం ముగిశాక ఆ దేశంలో వలసపోయేవాళ్ళు, పెళ్ళికాని రైతులు, ఒంటరి పాదరీలు మిగిలారు. ఒక పెద్ద నవలకు కావలసిన స్థిరమైన సమాజం లేదు. కానీ ఇదే కొలబద్దతో ఐరిష్ కథకురాలు మేరీ లావిన్ కథలను చూసినప్పుడు ఓకానర్ తడబడ్డారు. జాతీయోద్యమం నీడ లేని, వితంతువుల ఇంటిలోపలి జీవితం ఆయన చట్రంలో సులువుగా ఇమడలేదు. ఆయన సొంత బాల్య కథలూ అంతే. లారీ, జాకీ ఒంటరివాళ్ళే కానీ సమాజం వెలివేసినవాళ్ళు కారు. సిద్ధాంతం కంటే ఆయన చెవి పెద్దది.

1966 మార్చి 10న డబ్లిన్‌లో ఓకానర్ మరణించారు. 2005 నుంచి 2015 దాకా కార్క్ నగరం ఆయన పేరుతో కథా సంపుటాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. 2006లో హరుకి మురకామికి, 2008లో ఝుంపా లాహిరి 'అనఅకస్టమ్డ్ ఎర్త్'కు అది దక్కింది.

ఏ ప్రతి చదవాలి?

కొత్తగా చదివేవాళ్ళకు రిచర్డ్ ఎల్‌మన్ ముందుమాటతో 1981లో వచ్చిన 'కలెక్టెడ్ స్టోరీస్' అనువైనది. అందులో 67 కథలున్నాయి. అయితే అది సమగ్ర సంపుటి కాదు, ప్రతి కథకూ ఉన్న పాఠాంతరాలు అందులో కనిపించవు.

అనువాదం చేసేవాళ్ళు, పరిశోధన చేసేవాళ్ళు ముందుగా హక్కుల పేజీ చూడాలి. కథ మొదట అచ్చయిన సంవత్సరం ఒకటి, సంపుటి సంవత్సరం ఒకటి ఉంటాయి. చేతిలోని పాఠం సాధారణంగా రెండోదానికి చెందుతుంది. 1935 కథ అని పేర్కొని 1951 పాఠం నుంచి ఉదాహరణలు ఇవ్వడం ఓకానర్ మీద వచ్చే వ్యాసాల్లో జరిగే మామూలు పొరపాటు. మొదటి వాక్యాలు పోల్చుకుంటే ప్రతిని గుర్తుపట్టడం సులభం. 'ఫస్ట్ కన్ఫెషన్'కైతే శనివారం మధ్యాహ్నంతో మొదలైతే ప్రథమ పురుష పాఠం, తాత చావుతో మొదలైతే ఉత్తమ పురుష పాఠం. 'గెస్ట్స్ ఆఫ్ ది నేషన్'కు 1931, 1954 పాఠాలు రెండూ దగ్గర పెట్టుకుని, మొదటి పేజీలో సైనికుల సంభాషణ ఒక్కటీ పైకి చదివితే చాలు, తేడా చెవికే తెలుస్తుంది.